కొత్త టవరా, పాత సముదాయమా? హైదరాబాద్‌లో ఫ్లాటు కొనడంపై మన జిల్లాల వాళ్ల చర్చ

నల్లగొండ, విశ్రాంత లెక్చరర్:

నల్లగొండలో ముప్పయ్యేళ్ల కిందట కొన్న ఖాళీ ప్లాటును మొన్న సంక్రాంతికి అమ్మాము. ఆ సొమ్ముకు నా పదవీ విరమణ డబ్బులో కొంత, మా అబ్బాయి తీసుకోబోయే గృహ రుణం కలిపి హైదరాబాద్‌లో మూడు పడకగదుల ఫ్లాటు కొనాలని అనుకుంటున్నాము. ఎల్బీనగర్, నాగోలు వైపు కొంటే మాకు ఊరికి రాకపోకలు సులువే గానీ, కొడుకు, కోడలు ఇద్దరూ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పనిచేస్తున్నందున వాళ్లు రోజూ నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటవలసి వస్తుంది. అందుకే పడమటి వైపే వెతికి, చివరికి రెండు ఫ్లాట్ల దగ్గర ఆగాము.

మొదటిది కోకాపేట వైపు కడుతున్న 38 అంతస్తుల టవరులో ఉంది. 2,100 చదరపు అడుగులు, అడుగు 9,000 రూపాయల చొప్పున 1.89 కోట్లు, రెండున్నరేళ్లలో అప్పగిస్తామని అంటున్నారు. రెండోది నానక్‌రామ్‌గూడలో తొమ్మిదేళ్ల కిందట పూర్తయిన పది అంతస్తుల సముదాయంలో 2,150 చదరపు అడుగులది. యజమాని అమెరికాలో ఉంటారు, 1.83 కోట్లు అడుగుతున్నారు. అబ్బాయి కొత్తదే అంటున్నాడు, నా భార్య కళ్లముందున్నదే కొనాలంటున్నది. నేను ఎటూ చెప్పలేక పెద్దలను అడుగుతున్నాను.

జడ్చర్ల, పన్ను లెక్కలు చూసే వృత్తి:

సార్, మీరు చెప్పిన రెండు ధరలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు, ఎందుకంటే మొదటిది ఇంటి ధర కాదు, గోడల ధర మాత్రమే. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు 5 శాతం జీఎస్టీ కట్టాలి, 1.89 కోట్ల మీద అది 9.45 లక్షలు. తెలంగాణలో స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం, అంటే మరో 14 లక్షల పైమాట. చెక్కపని, మాడ్యులర్ వంటగది, ఏసీలకు ఈ స్థాయి ఇంట్లో 20 లక్షలకు తగ్గదు. పిల్లలు ఇప్పుడు నెలకు 45,000 అద్దె కడుతున్నారనుకుంటే ముప్పై నెలలకు 13.5 లక్షలు. మొత్తం 2.46 కోట్ల దగ్గర తేలుతుంది. పాత యజమాని నుంచి కొనే రీసేల్‌కు జీఎస్టీ లేదు. 7.5 శాతం రిజిస్ట్రేషన్, రంగులు, చిన్న మరమ్మతులకు ఎనిమిది లక్షలు వేసుకున్నా 2.05 కోట్లు దాటదు. నలభై లక్షల తేడాను స్విమ్మింగ్ పూల్ కోసం ఇవ్వాలా అన్నదే నా ప్రశ్న.

ఇంకొకటి, ఇది మీకు ప్రత్యేకం. ప్లాటు అమ్మిన లాభం మీద పన్ను మినహాయింపు కావాలంటే, అమ్మిన తేదీ నుంచి ఇల్లు కొనడానికి రెండేళ్లు, కట్టుకోవడానికి మూడేళ్లు గడువు ఉంటుంది. మీరు అమ్మింది సంక్రాంతికి కాబట్టి, రెండున్నరేళ్ల మాట ఆరు నెలలు జారినా ఆ మూడేళ్లు దాటిపోతాయి. అలా దాటితే బిల్డరు ఆలస్యానికి మీరు పన్ను అధికారికి సంజాయిషీ చెప్పుకోవాలి. ఏ ఫ్లాటు కొన్నా పత్రంలో మీ పేరు ఉండి తీరాలని మరవకండి. అమ్మింది మీరు, మినహాయింపూ మీదే.

దేవరకొండ ఆడపడుచు, ప్రస్తుతం నార్సింగి:

జడ్చర్ల అన్న లెక్క తప్పని అనను గానీ, అందులో కాలం విలువ లేదు. కొత్త టవరుకు డబ్బు ఒక్కసారిగా ఇవ్వము, స్లాబులు పడుతున్న కొద్దీ విడతలుగా ఇస్తాము. రీసేల్‌కు మొత్తం సొమ్ము రిజిస్ట్రేషన్ నాటికే సిద్ధంగా ఉండాలి. ఇరవై ఏళ్ల రుణం తీరేసరికి ఒక ఇంటికి ఇరవై ఏళ్లు, మరొక ఇంటికి ముప్పై ఏళ్లు నిండుతాయి. అప్పుడు అమ్మబోతే ఏది ముందు పోతుందో చెప్పనక్కరలేదు. 2023 ఆగస్టులో కోకాపేటలోని నియోపోలిస్ అనే ప్రభుత్వ లేఅవుటు వేలంలో ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్లు పలికింది. అంత పెట్టి భూమి కొన్నవాళ్లు రేపు కట్టే టవర్లలో ధర తగ్గించడం కలలోని మాట.

మేము ఈ వాదనలన్నీ విని, కొత్తదే కొన్నాము. తొమ్మిది నెలలు ఆలస్యంగా ఇచ్చారు, అది నిజం. అద్దె, వడ్డీ ఒకేసారి కట్టిన ఆ రోజులు గోరుచుట్టుపై రోకటిపోటే. కానీ నేడు రెండు కార్లకు సరైన పార్కింగు, ఎలక్ట్రిక్ బండికి ఛార్జింగు, పిల్లల ఈడువాళ్లు అంతస్తుకు నలుగురు ఉన్నారు. బిల్డర్లను నియంత్రించే రెరా చట్టం వచ్చాక పరిస్థితి మారిందని కూడా గుర్తించాలి. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి, రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు, ఆలస్యమైతే వడ్డీ ఇవ్వాలి, అప్పగించిన ఐదేళ్లలో నిర్మాణ లోపం కనబడితే బిల్డరు సొంత ఖర్చుతో సరిచేయాలి. తొమ్మిదేళ్ల ఫ్లాటుకు ఈ చివరి రక్షణ ఎప్పుడో ముగిసింది.

మక్తల్, సైట్ ఇంజినీరు:

మా నాన్న పాలమూరు కూలీగా నగరానికి వెళ్లి ఇటుకలు మోశారు, నేను అవే టవర్లకు ఇంజినీరునయ్యాను. ఇప్పుడు మా సైటులో ఒడిశా, బిహార్ కూలీలే ఎక్కువ. ఇరవై ఏళ్లుగా చూస్తున్నందున కొత్త, పాత అనే మాటలను నేను ఇంకోలా వింటాను.

ఇప్పటి ఎత్తైన టవర్లలో ఎక్కువ భాగం అల్యూమినియం షట్టరింగుతో కడుతున్నారు. గోడలు, స్లాబు ఒకే పోతలో పోస్తారు. వారం పది రోజులకు ఒక అంతస్తు లేస్తుంది. గోడ గట్టిగా, నునుపుగా ఉంటుంది, ప్లాస్టరింగు పగుళ్ల గొడవ తక్కువ. కానీ ఆ గోడలే భవనాన్ని మోస్తాయి కాబట్టి, రేపు పూజగది పెద్దది చేద్దామనో, రెండు గదులు కలుపుదామనో మీరు సుత్తె ఎత్తడానికి వీల్లేదు. కొత్తగా ఒక స్విచ్చు బోర్డు పెట్టుకోవాలన్నా గోడ మీద పైపు కనబడవలసిందే. పడమటి ఎండ తగిలే కాంక్రీటు గోడ రాత్రి పదింటికి కూడా చల్లారదు. పాత సముదాయాల్లో స్తంభాలు, దూలాలు భారం మోస్తే మధ్యలో ఇటుకో, సిమెంటు దిమ్మెలో ఉంటాయి, మార్పులకు వీలుంటుంది.

అయితే పాతదానికి వేరే రోగం ఉంది, అది నీళ్లు. స్నానాల గదుల కింద వేసిన వాటర్‌ప్రూఫింగు చాలా చోట్ల పదేళ్ల దగ్గర చేతులెత్తేస్తుంది. లెక్చరర్ గారు చూసిన ఫ్లాటు సరిగ్గా ఆ వయసులోనే ఉంది. ఎండాకాలంలో రంగు వేయించి చూపిస్తే ఎవరికీ ఏమీ కనబడదు. అందుకే గట్టి వాన పడిన రెండో రోజు వెళ్లి, బాత్రూముల పైకప్పు, గోడల అడుగున ఉండే స్కర్టింగు, పడమటి వైపు కిటికీల మూలలు చేత్తో తడిమి చూడాలి. కింది ఫ్లాటువారిని కూడా అడగాలి, ఎందుకంటే మీ బాత్రూము కారేది వాళ్ల నెత్తి మీదికే. పార్కింగు సెల్లారు గోడల మీద తెల్లటి ఉప్పు పొర కనబడితే నీరు ఊరుతున్నట్టే. లిఫ్టులు, జనరేటరు, మురుగునీటి శుద్ధి యంత్రం ఎన్నేళ్లవో, వాటిని మార్చడానికి సంఘం దగ్గర నిధి ఉందో లేదో లెక్కల పుస్తకంలో చూడాలి. ఆ నిధి (కార్పస్ ఫండు) అంతా ఖర్చయిపోయిన సముదాయంలో కొనడమంటే, పాతవాళ్లు వాడుకున్న పదేళ్ల అరుగుదలకు మీరు బిల్లు కట్టడమే.

ఇక భూమి వాటా. హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి (స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న హద్దు) లేదు కనుక రోడ్డు వెడల్పు, చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలం కుదిరితే ఎంత ఎత్తయినా లేపవచ్చు. ఐదెకరాలంటే 24,200 గజాలు. అందులో వెయ్యి ఫ్లాట్లు కడితే తలా 24 గజాలు వస్తాయి, నాలుగు వందలు కడితే 60 గజాలు. భవనం ఏటేటా అరుగుతుంది, పెరిగేది నేల విలువే. దేవరకొండ చెల్లెలు చెప్పిన ఎకరం వంద కోట్ల లెక్కలో ఈ సంగతి కూడా ఉంది: అంత ధర రాబట్టుకోవడానికి బిల్డరు ఇంకా ఎత్తుకు వెళ్తాడు, మీ వాటా ఇంకా సన్నబడుతుంది.

సూర్యాపేట, ఎరువుల వ్యాపారం:

కొత్తది కొనాలనుకునేవారికి నా అనుభవం ఒకటి చెబుతాను. మూడేళ్ల కిందట ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే అమ్మడం) పేరుతో ఒక సంస్థ, మొత్తం సొమ్ము ఒకేసారి కడితే అడుగుకు సగం ధరే అని అరచేతిలో వైకుంఠం చూపించింది. రెరా నంబరు లేదు, అనుమతి రాగానే వస్తుందన్నారు. భరోసాగా భూమిలో అవిభాజ్య వాటా రిజిస్టరు చేసి ఇచ్చారు. నేటికీ అక్కడ పునాది గుంత, అందులో తుమ్మ మొక్కలు తప్ప ఏమీ లేవు. రెరాలో నమోదు కాకముందు అమ్మడమే చట్టవిరుద్ధమని నాకు తరువాత తెలిసింది. నా చేతిలో ఉన్న గజాలు కాగితం మీద నావే గానీ, వందల మందితో కలిసి ఉన్న ఆ వాటాను నేను విడిగా అమ్ముకోలేను, దున్నుకోలేను.

దేవరకొండ ఆడపడుచు:

సూర్యాపేట అన్నకు జరిగినది బాధాకరం. అయితే అది కొత్త ఫ్లాటు తప్పు కాదు, అనుమతి లేని అమ్మకం తప్పు. రెరా వెబ్‌సైటులో నంబరు కొడితే అనుమతులు, అప్పగింత తేదీ, మూడు నెలలకోసారి పెట్టవలసిన పురోగతి కనబడతాయి. లెక్చరర్ గారికి మధ్యదారి ఒకటుంది: ఏడాది, రెండేళ్ల కిందట అప్పగించి, పెట్టుబడిదారు ఒక్కరోజు కూడా కాపురం ఉండకుండా అమ్మకానికి పెట్టిన ఫ్లాటు. జీఎస్టీ ఉండదు, నివాసానికి అనుమతించే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చేతిలో ఉంటుంది, రెండో కొనుగోలుదారుడిని కూడా రెరా చట్టం కేటాయింపుదారుగానే చూస్తుంది కాబట్టి ఐదేళ్ల రక్షణలో మిగిలినది మీకు దక్కుతుంది.

మిర్యాలగూడ, బ్యాంకు ఉద్యోగి:

మధ్యదారి మంచిదే గానీ ఆ ఫ్లాట్లలో పెట్టుబడిదారు లాభం మొత్తం మీ నెత్తి మీదే పడుతుంది, కాబట్టి మూడింటిలో అదే ఖరీదని ముందే అనుకోండి. నేను రుణాల విభాగంలో పనిచేస్తాను, నాకు తెలిసిన కోణం చెబుతాను. 75 లక్షలు దాటిన గృహ రుణంలో ఇంటి విలువలో 75 శాతానికి మించి బ్యాంకు ఇవ్వకూడదు. 1.83 కోట్ల ఫ్లాటుకు గరిష్ఠంగా 1.37 కోట్లు. కానీ రీసేల్‌లో అమ్మేవారు పత్రంలో 1.40 కోట్లే రాసి మిగిలింది నగదుగా అడిగితే, రుణం 1.05 కోట్లకు పడిపోతుంది, మిగిలిన సొమ్మంతా మీ జేబులోంచి వెళ్లాలి. స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. మీరు రేపు అమ్మేటప్పుడు కూడా పత్రంలోని తక్కువ ధరే మీ కొనుగోలు ధర అవుతుంది, లాభం ఎక్కువగా కనబడుతుంది.

యజమాని అమెరికాలో ఉన్నారన్నారు, అక్కడ మరింత జాగ్రత్త అవసరం. 50 లక్షలు, ఆపైన కొనుగోలులో అమ్మేవారు ఇక్కడి నివాసి అయితే మీరు వారికిచ్చే సొమ్ములోంచి 1 శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి కడితే చాలు. ప్రవాసి అయితే అది చాలదు, మినహాయించవలసింది చాలా ఎక్కువ. తక్కువ మినహాయింపుకు ధ్రువపత్రం తెచ్చుకోవలసింది వారు, మినహాయించకపోతే బాధ్యత మీది. పవర్ ఆఫ్ అటార్నీ మీద అమ్ముతున్నట్లయితే అది కాన్సులేట్‌లో ధ్రువీకరించినదేనా, ఇక్కడ స్టాంపు సుంకం కట్టారా అన్నది లాయరుకు చూపించండి. ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల పత్రాలు), ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఎలాగూ చూస్తారు. వాటితోపాటు ఆ సర్వే నంబరు ఏదైనా చెరువు ఎఫ్‌టీఎల్‌లోకో (నిండినప్పుడు నీరు నిలిచే హద్దు), దాని చుట్టూ కట్టడాలు కూడని బఫరులోకో వస్తుందేమో చూడండి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక భవనం పాతదైనంత మాత్రాన నిశ్చింత లేదు.

నల్లగొండ, విశ్రాంత లెక్చరర్:

అందరికీ నమస్కారం. మీ మాటలు చదివి ఆదివారం నానక్‌రామ్‌గూడ మళ్లీ వెళ్లాము. టేపు తీసుకెళ్లి గదులు కొలిచాము: 2,150 అడుగులకు లోపల వాడకానికి దాదాపు 1,600 వచ్చింది. కొత్త టవరు ఒప్పందంలో కార్పెట్ ఏరియా (లోపల వాడుకునే స్థలం) 1,420 అని రాసి ఉంది. అంటే పేరులో యాభై అడుగులే తేడా ఉన్నా, మంచం వేసుకునే చోటు 180 అడుగులు తక్కువ. ఈ ఒక్క అంకెతో అబ్బాయి మౌనం వహించాడు.

పాతదానిలో బాగుండనివి కూడా చూశాము. మూడు లిఫ్టుల్లో ఒకటి పనిచేయడం లేదు. వాచ్‌మన్ గది దగ్గర ట్యాంకర్ల రిజిస్టరు తిరగేస్తే ఏప్రిల్‌లో రోజుకు పదకొండు ట్యాంకర్లు వచ్చినట్లు ఉంది. మా జిల్లా కోదండాపురం నుంచి సాగర్ నీళ్లు నగరానికి పంపుతూ, అదే నగరంలో నీళ్లు కొనుక్కోవడానికి వెళ్తున్నామే అని నా భార్య నవ్వింది. అయినా ఆమె మోకాళ్లకు ముప్పయ్యో అంతస్తు కంటే మూడో అంతస్తే నయం.

ముప్పై లక్షలు నగదుగా ఇవ్వాలని ఏజెంటు అడిగారు, కుదరదని చెప్పాము. యజమానితో మాట్లాడి చెబుతానన్నారు. సంఘం గత మూడేళ్ల లెక్కలు అడిగి పెట్టాము. జూన్‌లో మొదటి గట్టి వాన పడిన రెండో రోజు తాళాలు తెప్పించమని, కింది ఫ్లాటువారికి కూడా ఫోను చేసి ఉంచమని చెప్పి వచ్చాము. అప్పటిదాకా బయానా ఇవ్వము.