ఇంటి పన్ను నోటీసులో కొత్తగా పెనాల్టీ వేశారు, ఎవరికి అర్జీ పెట్టుకోవాలి?

నమస్కారమండి. మాది కోస్తాలో ఒక మున్సిపాలిటీ. 2021 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ (అంటే స్థలం, కట్టడం ఖరీదు) మీద పన్ను వేస్తున్నారు కదా, ఏడాదికి 15 శాతం మించి పెంచం అన్నారు కాబట్టి ఏదో ఓర్చుకుని కడుతున్నాం. ఈసారి నోటీసు చూస్తే గుండె గుభేల్‌మంది. 'అనధికార నిర్మాణం' అని పెనాల్టీ కలిపారు. మా నాన్నగారు ప్లాన్ అప్రూవల్ తీసుకునే కట్టారు, ఆ కాగితం మడతల దగ్గర చిరిగింది గానీ సంతకం, స్టాంపు స్పష్టంగానే ఉన్నాయి. వార్డు సచివాలయంలో అడిగితే "సిస్టమ్‌లో అలా చూపిస్తోందమ్మా" అని చేతులెత్తేశారు.

విడ్డూరం ఏంటంటే మా పక్కనే, ఆటో తిరగడానికే కష్టమైన సందులో, అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ లేస్తోంది. సెట్‌బ్యాక్ (బిల్డింగ్ చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా) వదల్లేదు, వాళ్ల స్లాబు అంచు మా దండెం మీదికి వచ్చేసింది. దానికి మాత్రం అన్ని అనుమతులూ ఉన్నాయట!

తెలిసినవాళ్లు చెప్పండి. పెనాల్టీ తీసేయమని కమిషనర్‌కి రివిజన్ పిటిషన్ (మళ్లీ పరిశీలించమనే అర్జీ) పెడితే చాలా, లేక ముందు మొత్తం కట్టేయాలా? ఆన్‌లైన్‌లో పెనాల్టీ వదిలేసి పన్ను ఒక్కటే కట్టే దారి నాకు కనబడలేదు. ఆ 15 శాతం పరిమితి పెనాల్టీకి కూడా వర్తిస్తుందా? పక్క బిల్డింగ్ ప్లాన్ కాపీ సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఇస్తారా, మీకు సంబంధం లేదని తిప్పి పంపిస్తారా? ఆ సమాచార హక్కు దరఖాస్తులో ఏమేం అడగాలో కూడా రాస్తే మేలు చేసినవాళ్లవుతారు.