పాయింట్ చేరగానే కాపలావాడు మాయం (రోబ్లాక్స్, వెక్టర్3)

ప్రశ్న
రోబ్లాక్స్‌లో (గేమ్‌లు తయారుచేసి ఆడుకునే ప్లాట్‌ఫామ్) దొంగ-పోలీసు గేమ్ ఒకటి చేస్తున్నాను. కాపలావాడు ఒక యాంకర్ చేసిన (తనంతట కదలకుండా బిగించిన) పార్ట్, అంతే. గస్తీ పాయింట్ పొజిషన్‌లోంచి వాడి పొజిషన్ తీసేసి (రెండూ ఎక్స్, వై, జెడ్ ఉన్న వెక్టర్3లే), దానికి .యూనిట్ (అదే దిశలో పొడవు 1 ఉన్న వెక్టర్) తీసుకుని, వేగంతో గుణించి ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ జరుపుతున్నాను. పాయింట్ చేరాక అక్కడే గజగజ వణుకుతుంటే, దగ్గరికి రాగానే పొజిషన్‌ని నేరుగా పాయింట్‌తో సమానం చేశాను. వణుకు పోయింది, కాపలావాడూ పోయాడు! ఔట్‌పుట్‌లో ఎర్రగా ఏమీ రాలేదు. ప్రింట్ చేస్తే ఎక్స్, వై, జెడ్ మూడూ ‘నాన్’ (NaN, అంటే ‘నంబర్ కాదు’). పైగా పాయింట్ కాస్త ఎత్తులో ఉంటే గాల్లో తేలుతూ వెళ్తున్నాడు. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

జవాబు 1
మాయం చేస్తున్నది .యూనిట్. అది వెక్టర్‌ని దాని పొడవుతో భాగిస్తుంది. వాడు సరిగ్గా పాయింట్ మీదే ఉంటే తేడా సున్నా, పొడవూ సున్నా. సున్నాని సున్నాతో భాగిస్తే వచ్చేదే నాన్. స్క్రిప్ట్ దీన్ని ఎర్రర్ అనుకోదు, గప్‌చుప్‌గా ముందుకెళ్లిపోతుంది. (యూనిటీ అనే ఇంకో గేమ్ ఇంజిన్‌లో అయితే నార్మలైజ్ చేసినప్పుడు సున్నా వెక్టరే తిరిగొస్తుంది. అక్కడి ట్యుటోరియల్స్ చూసి వచ్చినవాళ్లకి ఇది తట్టదు.)

నాన్ ఒకసారి దూరిందంటే వదలదు. ఏం కలిపినా నాన్. దూరం 0.1 కన్నా తక్కువా అంటే కాదు, ఎక్కువా అన్నా కాదు. కాబట్టి తర్వాత ఎన్ని ఇఫ్‌లు పెట్టినా దండగ, ముందే ఆపాలి. మొదట తేడా .మాగ్నిట్యూడ్ (పొడవు) చూడండి. ఈ ఫ్రేమ్‌లో వేసే అడుగు కన్నా తక్కువైతే పొజిషన్ సమానం చేసి అక్కడే రిటర్న్ అవ్వండి. .యూనిట్ దాకా పోనివ్వకండి.

తేలడం సంగతి: రోబ్లాక్స్‌లో వై అంటే ఎత్తు. తేడాని వెక్టర్3.న్యూ(1, 0, 1)తో గుణిస్తే ఎత్తు పోతుంది. అయితే యూనిట్‌కి ముందే చేయాలి. తేడా (3, 4, 0) అనుకోండి. పొడవు 5, యూనిట్ (0.6, 0.8, 0). అప్పుడు వై తీసేస్తే మిగిలేది 0.6, అంటే నడక 40 శాతం తగ్గినట్టే. పొజిషన్ సమానం చేసేటప్పుడు కూడా వై మాత్రం కాపలావాడిదే ఉంచండి.

జవాబు 2
నాన్ ఎక్కడ పుడుతోందో పట్టుకోవాలంటే ఎక్స్ ~= ఎక్స్ (~= అంటే ‘సమానం కాదు’) అని చెక్ పెట్టండి. తనతో తనే సమానం కాని నంబర్ అదొక్కటే.

అడిగినవారు
పనిచేసిందండీ, థాంక్స్! ఇప్పుడు చూపు పెట్టాను. లుక్‌వెక్టర్‌తో (వాడు చూస్తున్న దిశ) దొంగ వైపు వెక్టర్ డాట్ (రెండు దిశలు ఎంత కలుస్తున్నాయో చెప్పే గుణకారం) 0.5 దాటితే దొంగని చూసినట్టు. 60 డిగ్రీలే కదా అనుకుంటే, బాగా పక్కనుంచి వెళ్తున్నా పట్టేస్తున్నాడు.

జవాబు 1
0.5 అంటే అటు 60, ఇటు 60, మొత్తం 120. మొత్తం 60 చాలంటే 0.866 పెట్టండి. దొంగ వైపు వెక్టర్‌ని కూడా యూనిట్ చేశాకే డాట్‌కి ఇవ్వండి. లేకపోతే దూరం పెరిగేకొద్దీ విలువ పెరిగి, ఎక్కడో ఉన్న దొంగే ముందు దొరుకుతాడు. మధ్యలో గోడ ఉందో లేదో డాట్‌కి తెలియదు, దానికి రేకాస్ట్ (ఒక గీత వదిలి అది దేనికి తగిలిందో చూడటం) వేయాల్సిందే.