బరువు తగ్గే ఆపరేషన్ సంగతి చుట్టాలకు చెప్పాలా, దాచాలా?

బెజవాడ_బిడ్డ:
నా వయసు 29. బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 41. షుగర్ ఉంది, రాత్రి నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నాను. డైటింగులు, జిమ్ములు, కీటోలు అన్నీ అయిపోయాయి. వచ్చే నెల హైదరాబాద్‌లో స్లీవ్ సర్జరీ, అంటే జీర్ణాశయం చిన్నది చేసే ఆపరేషన్. ఎండోస్కోపీ, స్లీప్ స్టడీ, గుండె పరీక్షలు పూర్తయ్యాయి. ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు ప్రోటీన్ పొడి, పలుచటి మజ్జిగ, సూపు తప్ప ఇంకేమీ వద్దన్నారు.

నా టెన్షన్ ఆపరేషన్ గురించి కాదు. నాకు సంబంధాలు చూస్తున్నారు. "పొట్ట కోయించుకుని సన్నబడింది" అని పేరొస్తే మన గడప ఎవరూ తొక్కరని అమ్మ భయం. గాల్‌బ్లాడర్‌లో రాళ్లుంటే తీశారని చెబుదాం అంటోంది. అన్నయ్య ఒప్పుకోవట్లేదు, దొంగతనం చేశామా దాచడానికి అంటాడు. నాకు అమ్మ మాటే నయమనిపిస్తోంది. నానమ్మకు కూడా చెప్పలేదు. మా ఇంట్లో వంటంతా ఆవిడదే. దానికి తోడు ఆ రెండు వారాల్లోనే పిన్ని వాళ్ల గృహప్రవేశం. మీరైతే ఏం చేస్తారు?

స్లీవ్_సీనియర్:
దాచమ్మా. నేను 2021లో చేయించుకున్నాను, అందరికీ చెప్పి మరీ. అప్పట్నుంచి పెళ్లికెళ్లినా పేరంటానికెళ్లినా అందరి కళ్లూ నా విస్తరి మీదే. లడ్డూ ముక్క నోట్లో పెట్టుకుంటే "అదేంటి, ఆపరేషన్ అయినవాళ్లు స్వీటు తినొచ్చా?" పెట్టుకోకపోతే "పాపం, కోరి తెచ్చుకుంది, ఏమీ తినలేదు". పొద్దున్నే లేచి నడుస్తాను, ఎంత ప్రోటీన్ పడిందో రోజూ లెక్క చూసుకుంటాను. అది ఎవరికీ కనపడదు. తగ్గితే డాక్టర్ గొప్ప, రెండు కిలోలు పెరిగితే నా తిండి.

జుట్టు సంగతి వినండి. నాలుగో నెలలో దువ్వెన పెడితే చాలు, ఊడి వచ్చేది. బరువు వేగంగా తగ్గినప్పుడు మూడు నుంచి ఆరు నెలల మధ్య అలా ఊడటం మామూలేనని, ప్రోటీన్, ఐరన్ సరిగ్గా ఉంటే మళ్లీ వస్తుందని డాక్టర్ ముందే చెప్పారు. వచ్చింది కూడా. కానీ అది వచ్చేలోపు మా తోటికోడలు "ఉన్న కళ కూడా పోయింది" అని ఊళ్లో అందరికీ ఫోన్లు చేసింది. పెళ్లి కావాల్సిన పిల్లవి, నీకెందుకీ గోల?

వార్డు_సిస్టర్ (విశాఖ):
సీనియర్ గారి బాధ నిజమే. తోటికోడలికి చెప్పకపోతే కొంపలేమీ మునగవు. కానీ వంట చేసే మనిషికి తెలియకుండా ఈ ఆపరేషన్ కుదరదండీ. నేను సర్జరీ వార్డులోనే పనిచేస్తాను.

ముందు ఆ రెండు వారాల సంగతి. అది నాలుగు కిలోలు తగ్గించడానికి పెట్టింది కాదు, లివర్ కోసం. లివర్ ఎడమ భాగం సరిగ్గా జీర్ణాశయం మీద పడి ఉంటుంది. లావుగా ఉన్నవాళ్లలో కొవ్వు పట్టి ఉబ్బి, మెత్తగా, బరువుగా ఉంటుంది. చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్‌లో దాన్ని పక్కకి ఎత్తి పట్టుకుంటేనే సర్జన్‌కి అడుగున పని కనపడుతుంది. ఎత్తేటప్పుడు చిట్లితే రక్తం. రెండు వారాలు పిండిపదార్థం, నూనె గట్టిగా తగ్గిస్తే లివర్ చిక్కుతుంది. ఇప్పుడు మీ నానమ్మగారికి ఇదేమీ తెలియదు. పిల్ల నీరసించిపోతోందని సూపులో ఓ గరిటె నెయ్యి, రాత్రికి మీకిష్టమైన గారెలు. తప్పు ఆవిడది కాదు.

రెండోది, గాల్‌బ్లాడర్ అబద్ధం. ఆ ఆపరేషన్ అయినవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. మర్నాటికో మూడో నాటికో మెత్తటి అన్నం తింటారని అందరికీ తెలుసు. మీకు స్లీవ్‌లో జీర్ణాశయం 75 నుంచి 80 శాతం తీసేసి, మిగిలింది అరటిపండు ఆకారంలో పిన్నులతో కుట్టేస్తారు. మొదట్లో మందు సీసా మూత లాంటి 30 మిల్లీల కప్పుతో నీళ్లు, అదీ గుక్కలు గుక్కలుగా. తర్వాత రెండు వారాలు ద్రవాలు, ఆపైన మెత్తగా రుబ్బినవి, ఆ తర్వాత మెత్తటి ముద్దలు. మామూలు తిండికి నెల దాటుతుంది. గాల్‌బ్లాడరే కదా అనుకుని పలకరించడానికొచ్చిన అత్తయ్య "రెండు ముద్దలు పెరుగన్నం తినవే, కడుపు చల్లబడుతుంది" అంటే ఏం చెబుతారు? మీ అబద్ధమే మీకు అడ్డం తిరుగుతుంది.

అన్నిటికంటే ముఖ్యం లీక్, అంటే ఆ కుట్టిన చోటి నుంచి లోపలిది కారడం. తక్కువమందికే వస్తుంది, వస్తే మాత్రం గంటలు లెక్క. కూర్చున్న చోటే గుండె నిమిషానికి 120 దాటి కొట్టుకోవడం, జ్వరం, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం. ఇంటికెళ్లాక కూడా రావచ్చు. పక్కనున్న మనిషికి అసలు సంగతి తెలియకపోతే గ్యాస్ అనుకుని వాము నీళ్లు ఇస్తారు.

మాదాపూర్_మారాజు:
అసలు ఇప్పుడు సర్జరీ ఎందుకండీ? బరువు తగ్గించే మందులు మన దేశంలోకి వచ్చాయి, 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ. వారానికో ఇంజెక్షన్. ఎవరికీ చెప్పక్కర్లేదు, దాచక్కర్లేదు.

మందులషాపు_మావయ్య:
మారాజుగారూ, ఆ ఇంజెక్షన్లు మంచివే, కాదనను. కానీ ఆపితే ఏమవుతుందో కూడా చెప్పాలి. వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్ మందు ట్రయల్‌లో 68 వారాలకు సగటున ఒంటి బరువులో 15 శాతం దాకా తగ్గారు. ఆపేసిన ఏడాదికి తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. అంటే నెలనెలా ఖర్చు, ఏళ్ల తరబడి. స్లీవ్‌తో సుమారు పాతిక శాతం తగ్గుతారు. అదీ పెరగదని కాదు, కొందరికి గుండెల్లో మంట మొదలై మళ్లీ బైపాస్‌కి (గుండెది కాదు, జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి పేగుకి కలిపే ఆపరేషన్) మార్చాల్సి వస్తుంది కూడా. 41 బీఎంఐ, షుగర్, నిద్రలో ఊపిరాగడం ఉన్న అమ్మాయికి డాక్టర్లు చూసే డేట్ ఇచ్చారు. ఆ అమ్మాయి అడిగింది చేయించుకోవాలా వద్దా అని కాదు.

డల్లాస్_గుంటూరోడు:
నేను బైపాస్ చేయించుకున్నా. భార్యకి తప్ప ఎవరికీ తెలియదు. గుంటూరులో అమ్మానాన్నలకి ఇప్పటికీ చెప్పలేదు. ఆఫీసులో వాకింగ్ చేస్తున్నా అని చెప్పా. అబద్ధం కాదు, చేస్తున్నాగా. దాస్తే ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఒకసారి స్నేహితుల ఇంట్లో ఉండగా పన్ను నొప్పి. వాళ్లు ఇచ్చిన ఐబూప్రోఫెన్ అడక్కుండా వేసుకున్నా, అదీ వరసగా. బైపాస్ అయినవాళ్లకి ఆ రకం నొప్పి మాత్రలు పడవు, కొత్తగా కలిపిన చోట అల్సర్ వస్తుంది. నాకు వచ్చింది. కాబట్టి నా లెక్క ప్రకారం చుట్టాలకు చెప్పక్కర్లేదు. డాక్టర్, డెంటిస్ట్, మందులషాపు, వీళ్ల దగ్గర మాత్రం సిగ్గుపడితే కుదరదు. పర్సులో ఓ కార్డు పెట్టుకుని తిరుగుతున్నా ఇప్పుడు.

పెళ్లి_పెద్ద:
అందరూ అసలు విషయం పక్కన పెట్టేశారు. అబ్బాయి వాళ్లకి చెప్పకుండా పెళ్లి చేస్తే అది మోసమే. నేను పాతిక ముప్పై సంబంధాలు కుదిర్చినవాణ్ని. పెళ్లయిన ఆర్నెల్లకి బయటపడితే పంచాయితీ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

స్లీవ్_సీనియర్:
> చెప్పకుండా పెళ్లి చేస్తే అది మోసమే

అబ్బాయి తాగుడు సంగతి పెళ్లిచూపుల్లో చెప్తున్నారా బాబాయ్ గారూ? వాళ్ల నాన్నకి రెండుసార్లు స్టెంట్ వేశారని చెప్తున్నారా? అపెండిక్స్ తీయించుకున్న పిల్లని ఎవరూ అడగరు. బరువు దగ్గరికొచ్చేసరికే ఈ నీతులన్నీ.

వార్డు_సిస్టర్ (విశాఖ):
సీనియర్ గారూ, అపెండిక్స్ తీస్తే రేపటి బతుకులో ఏమీ మారదు. దీంట్లో మారుతుంది. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలల దాకా గర్భం వద్దంటారు, ఒంట్లో పోషకాలు నిలకడకి రావాలి కాబట్టి. మన ఇళ్లల్లో పెళ్లయిన మూడో నెల నుంచే "ఏమైనా విశేషమా?" అని మొదలవుతుంది. బరువు తగ్గాక ఆగిన నెలసరులు సర్దుకుని గర్భం తొందరగా నిలిచే అవకాశం కూడా ఎక్కువ. అప్పుడు భర్తకి తెలియకుండా ఎలా నెట్టుకొస్తారు? పైగా బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ జీవితాంతం. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకోకూడదు, రెండు గంటల తేడా ఉండాలి. రోజూ ఇన్ని మాత్రలు చాటుగా మింగే కాపురం ఏం కాపురం? పెళ్లిచూపుల రోజు అందరి ముందూ చెప్పమనట్లేదు. ఇద్దరూ మాట్లాడుకుని ఒక మాట అనుకునే దశకి వచ్చాక ఆ అబ్బాయికి చెప్పాలి, అంతే. ఆ అబ్బాయి వాళ్లమ్మకి చెప్పాలా వద్దా అనేది వాళ్లిద్దరి ఇష్టం.

హెచ్ఆర్_అక్క:
ఎవరూ డబ్బు ఊసెత్తలేదు. ఇన్సూరెన్స్‌తో చేయించుకుంటున్నావా అమ్మా? ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన నిబంధన ప్రకారం బీఎంఐ 40 పైన ఉండాలి, లేదా 35 పైన ఉండి గుండె జబ్బో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో (నీలా నిద్రలో ఊపిరి ఆగడం), అదుపులో లేని షుగరో ఉండాలి. మామూలు పద్ధతుల్లో తగ్గలేదని కాగితం మీద కనపడాలి. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఆసియా వాళ్లకి 27.5 నుంచే ఆలోచించొచ్చన్నాయి గానీ పాలసీ కాగితం ఇంకా 40, 35 దగ్గరే ఉంది. నీకు 41 కాబట్టి ఆ చిక్కు లేదు. కానీ ఇప్పుడు ద్రవాహారంతో తగ్గుతావు కదా, మొదటి రోజు తూకం కాగితం జాగ్రత్తగా దాచుకో.

ఇక దాపరికం మాట. ఆఫీసు గ్రూప్ పాలసీ అయితే మీ హెచ్ఆర్‌తోనో, క్లెయిములు చూసే ఏజెన్సీ టీపీఏతోనో మాట్లాడాల్సి రావచ్చు. అక్కడ గాల్‌బ్లాడర్ కథ చెప్పకు. రేపు సొంతంగా కొత్త పాలసీ తీసుకునేటప్పుడు కూడా ఈ ఆపరేషన్ రాయాల్సిందే, దాస్తే క్లెయిమ్ కొట్టేస్తారు. పిన్నికి చెప్పడం నీ ఇష్టం, కంపెనీకి చెప్పడం నీ ఇష్టం కాదు.

బెజవాడ_బిడ్డ:
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి నానమ్మకి చెప్పేశా. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. నానమ్మ మాత్రం మొత్తం విని, "పథ్యమని ముందే చెప్పి చావొచ్చుగా, నలుగురు కోడళ్లకి బాలింత పథ్యం చేసినదాన్ని, నీకు చెయ్యలేనా?" అంది. పొద్దున పెసరకట్టు చేసి, పలుచటి బట్టలో రెండుసార్లు వడగట్టి, తాలింపు లేకుండా ఇచ్చింది. నిజం చెప్పాలంటే ఘోరంగా ఉంది. తాగేశా.

గృహప్రవేశానికి వ్రతం టైముకి వెళ్లి అక్షింతలు వేసి, భోజనాలు మొదలవకముందే వచ్చేద్దామనుకుంటున్నా. పెళ్లి విషయం మాత్రం సిస్టర్ గారు చెప్పినదానికీ అమ్మ చెప్పినదానికీ మధ్య నలుగుతున్నా.

పెళ్లి_పెద్ద:
భోజనం చెయ్యకుండా వస్తే మీ పిన్ని ఊరుకుంటుందా? కొసరి కొసరి వడ్డించే ఇళ్లు మనవి. అలిగి కూర్చుంటుంది.

స్లీవ్_సీనియర్:
అలిగితే అలగనివ్వండి. బిడ్డా, ఉపవాసమని చెప్పు. ఏ దేవుడి పేరైనా ఫరవాలేదు, మనవాళ్లు డాక్టర్ మాట కాదంటారు గానీ దేవుడి మాట కాదనరు. నానమ్మకి చెప్పడం వరకూ ఒప్పుకుంటున్నాను. పెళ్లివాళ్ల విషయంలో నా మాట మార్చను. అబ్బాయి ముందు తనవి చెప్పాలి, తర్వాత నువ్వు.

ఆపరేషన్ అయ్యాక ఒక్కటి గుర్తుపెట్టుకో. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. మన భోజనంలో చారు, మజ్జిగ కలుపుకుని జుర్రుకునే అలవాటు ఉంది చూశావూ, నాకు అన్నిటికంటే అదే కష్టమైంది. నీళ్లతో కలిసి జారిపోతే కడుపు నిండినట్టు తెలియదు, ప్రోటీన్ రోజుకి 60 గ్రాములు కూడా పడదు.

బెజవాడ_బిడ్డ:
ఇంకో డౌటు సిస్టర్ గారూ. ద్రవాహారం మొదలుపెట్టాక నిన్న సాయంత్రం చేతులు వణికి చెమటలు పట్టాయి. షుగర్ మాత్రలు మామూలుగానే వేసుకుంటున్నా. డాక్టర్ని అడగాలా, రెండ్రోజులు చూడాలా?

వార్డు_సిస్టర్ (విశాఖ):
చూడకండి, ఇప్పుడే ఫోన్ చేయండి. తిండి తగ్గినప్పుడు పాత మోతాదులో మాత్రలు వేసుకుంటే షుగర్ పడిపోతుంది, గ్లిమెపిరైడ్ లాంటివి అయితే మరీను. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం ఉంటే ఆపరేషన్‌కి మూడు నాలుగు రోజుల ముందే ఆపమంటారు, అవి వేరే చిక్కు తెస్తాయి. మీ అంతట మీరు ఆపొద్దు, తగ్గించొద్దు, చీటీ మీద ఉన్న పేర్లన్నీ చదివి వినిపించండి. మళ్లీ వణుకొస్తే ముందు గ్లూకోజ్ నీళ్లు తాగండి, ఆ టైములో డైట్ చూసుకోవద్దు. గ్లూకోమీటర్ ఎప్పుడూ బ్యాగులో ఉండాలి. ఎవరైనా చూసి అడిగితే షుగరని చెప్పండి, ఆ మాటతో మీ అమ్మగారికీ పేచీ ఉండదు.