సమస్యాపూరణం: “చచ్చినట్టివాఁడు చావలేదు”

సభాపతి

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

చచ్చినట్టివాఁడు చావలేదు

వదిలేస్తే మీరు సత్యవంతుణ్నో మార్కండేయుణ్నో పట్టుకొచ్చి పది నిమిషాల్లో పూరించి పారేస్తారు. అందుకే ఈసారి కంచె కట్టాను. పూరణ ‘ఔట్‌లాండర్’ మీదే ఉండాలి. రెండు నెలలుగా మనవాళ్లు పుస్తకం పక్షం, సీరియల్ పక్షం అని చీలి కొట్టుకుంటున్నారు. ఆ కొట్లాటేదో ఛందస్సులో కానివ్వండి.

కథ తెలియనివాళ్లకు రెండు ముక్కలు. యుద్ధంలో నర్సుగా పనిచేసిన క్లేర్ 1945లో భర్త ఫ్రాంక్‌తో స్కాట్లండ్‌లోని ఇన్వర్నెస్ వస్తుంది. అక్కడి నిలువురాళ్లలోంచి 1743లోకి జారిపడుతుంది. ఆ కాలంలో జేమీ ఫ్రేజర్‌ను పెళ్లాడుతుంది. కలోడెన్ యుద్ధం నెత్తిమీదికి వచ్చినప్పుడు, కడుపులో బిడ్డతో తిరిగి తన కాలానికి చేరుతుంది. జేమీ ఆ యుద్ధంలో పోయాడనే ఇరవై ఏళ్లు అనుకుంటుంది. డయానా గాబల్డన్ మొదటి పుస్తకం 1991లో వచ్చింది, తొమ్మిదోది 2021లో. తెరమీద కథ 2014 ఆగస్టులో మొదలైంది.

ఒక హెచ్చరిక. మూడో పాదం చివర వాక్యం ముగిస్తే గొడవ లేదు. ముగించకుండా ద్రుతాంతం (లోపల నకారంతో ముగిసే మాట) పెట్టారంటే సరళాదేశం వచ్చి, చ జ గా మారి, నా సమస్య ‘జచ్చినట్టివాఁడు’ అయి కూర్చుంటుంది. చూసుకోండి.

పాతపుట

నేను పుస్తకం పక్షమని అందరికీ తెలుసు. బోణీ నాదే.

పుస్తకమునఁ గూలెఁ బోరున మర్తగు
తెరను మరల వచ్చెఁ దెల్లగడ్డ
మొప్ప, నచ్చు వేఱు, మూర్తులాడుట వేఱు
చచ్చినట్టివాఁడు చావలేదు

మర్తగ్ జేమీకి గాడ్‌ఫాదర్. కంటికి రెప్పలా కాచిన అతణ్ని రచయిత్రి కలోడెన్‌లో పడగొట్టింది. సీరియల్‌వాళ్లకు చంపడానికి చేతులు రాలేదు.

అఱసున్న

గణాలు, యతులు శుభ్రంగా ఉన్నాయి. ‘ఒప్పన్ + అచ్చు’ కలిసి ‘నచ్చు వేఱు’ అయినచోట, అచ్చు వేరు, నచ్చడం వేరు అని రెండర్థాలూ పలికాయి. మీరు కావాలని చేశారో లేదో గాని, అయ్యింది. తీసుకోండి.

విషయంలో మాత్రం ఒక మెలిక ఉంది. తెరమీద మర్తగ్ చావలేదనడం సగం నిజమే. ఆర్డ్స్‌మ్యూర్ జైల్లో తేలాడు, సముద్రం దాటాడు, ఉత్తర కరోలినాలో కమ్మరి పని చేశాడు. చివరికి ఐదో సీజన్లో అలమాన్స్ పోరులో జేమీ చేతుల్లోనే పోయాడు. కలోడెన్ 1746 ఏప్రిల్ 16, అలమాన్స్ 1771 మే 16. అంటే సీరియల్‌వాళ్లు ఇచ్చింది పాతికేళ్ల ఒక నెల వాయిదా.

చిరుగజ్జె

పాతపుటగారూ, మీరు చదివారే గాని వినలేదని ‘మర్తగు’ అన్నప్పుడే తెలిసిపోయింది! తెరమీద ఎవరూ చివర గట్టి గకారం పలకరు. గొంతులో ఒక ఊపిరిలా పోతుంది.

సభాపతి

‘మర్తహు’ అని దిద్దుకుంటే చెవికీ దగ్గర, గణమూ భగణమే, చెడదు. పాతపుటగారికి చెవులు లేవని మాత్రం అనను. పుస్తకం చదివేవాడికి పేరు కంటితోనే పరిచయమవుతుంది మరి.

మర్తగ్‌ను బతికించినందుకు సీరియల్‌ను తిట్టలేను. పుస్తకంలో జేమీ మౌనంగా కూర్చున్నా క్లేర్ మనసు మనతో మాట్లాడుతూనే ఉంటుంది. కెమెరాకు ఆ సౌకర్యం లేదు. జేమీ నోరు విప్పాలంటే ఎదురుగా ఒక పాతకాపు ఉండాలి. మర్తగ్ వేషం వేసిన డంకన్ లక్రాయ్ మొహం అందుకు సరిపోయింది. అయితే జేమీ పిన్ని జొకాస్టాతో మర్తగ్ ముచ్చట నాకు ఎక్కలేదు. పుస్తకంలో ఆవిడ కథ డంకన్ ఇన్నెస్ అనే మరో పాత్రతో ముడిపడింది. ఆ నిదానం వేరు.

గంటంకొన

ఇరువదేండ్లు వగచె నింతి జేమీకయి
యచ్చుకూటమందు నతఁడు మనియె
ననుచుఁ దెలిసి రాళ్ల నడుమకుఁ బరువిడె
చచ్చినట్టివాఁడు చావలేదు

అఱసున్న

మొదటి రెండు పాదాలూ హాయిగా నడిచాయి. మూడో పాదంలో యతి తప్పింది. ‘మనియెన్ + అనుచు’లో కనిపించే నకారం ద్రుతానిది. యతి చెల్లవలసింది లోపలి అకారానికి. దానికి ‘నడుమ’లోని న హల్లు ఎలా సరిపోతుంది? పైకి చూస్తే న–న కుదిరినట్టే ఉంటుంది, అందుకే ఈ గుంటలో అందరం పడతాం. నేనూ పడ్డాను.

గంటంకొన

మాస్టారూ, ఇలా సరిపోతుందా?

ననుచుఁ దెలిసి రాళ్ల యద్దరి కేఁగెను

అఱసున్న

సరిపోవడమే కాదు, ‘రాళ్ల యద్దరి’ మొదటిదానికన్నా ఎన్నో రెట్లు బాగుంది. తప్పు దిద్దబోతే కవిత్వం తగిలింది.

పాతపుట

పద్యం బాగుంది గాని నియమం తప్పింది. ఇది పుస్తకంలోనూ ఉంది, తెరమీదా ఉంది. తేడా ఎక్కడ?

సభాపతి

తేడా ఉంది, గంటంకొనగారు దాన్ని పట్టుకోలేదు అంతే. రెండో పుస్తకం తెరవగానే మనం 1968లో ఉంటాం. ఫ్రాంక్ లేడు. కూతురు బ్రయానా ఎదిగి నిలబడింది. జేమీ ఏమయ్యాడు? ఎవరూ చెప్పరు. మొదటి పుస్తకం మూసి రెండోది తీసినవాడికి ఇరవై ఏళ్లు ఒక్కసారిగా నెత్తిన పడతాయి. పారిస్ విందులు, పట్టుబట్టలు అన్నీ ఆ దిగులు గొంతులో పెట్టుకునే చదువుతాం. సీరియల్ రెండో సీజన్‌ను 1948లో, ఆమె రాళ్ల దగ్గర తేలిన పూటనుంచే మొదలుపెట్టింది. అక్కడా ఏడుపుంది. కాని ఆ ఇరవై ఏళ్ల బరువు మన మీద ఒక్కసారి పడదు, వాయిదాల్లో వస్తుంది. ‘ఇరువదేండ్లు వగచె’ అన్న మాట చూసినవాడి నోట కన్నా చదివినవాడి నోటే ఎక్కువ నిజం.

కొత్తకలం

గురువులకు నమస్కారం. ఛందస్సు నేర్చుకుని మూడు నెలలే అయింది. సీరియల్ మటుకు రెండుసార్లు చూశాను. నా పద్యం జేమీ పగవాడు, ఇంగ్లీషు కెప్టెన్ బ్లాక్ జాక్ రాండల్ మీద.

ఆవులమంద క్రింద నలిగిపోయె రాండ
లనుచు నూఱడిల్లి రందఱపుడు
పారిసునకు వచ్చెఁ బగవాఁడు బ్రతికియే
చచ్చినట్టివాఁడు చావలేదు

అఱసున్న

రెండు, మూడు పాదాలు చూస్తే మూడు నెలలవాడంటే నమ్మబుద్ధి కాదు. మొదటి పాదం చూస్తే నమ్మాను! ‘ఆవు’ తరవాత ‘లమంద’ జగణం, దానికి ఆటవెలదిలో చోటు లేదు. పైగా ‘ఆ’కు ‘నలిగి’లో న యతి కాదు. ఇలా చూడండి:

ఆలమంద త్రొక్క నణఁగిపోయెను రాండ

‘త్రొక్కన్ + అణఁగి’, లోపల అకారం, ‘ఆ’తో మైత్రి. గంటంకొనగారికి అడ్డుపడ్డ ద్రుతమే మీకు సాయానికి వచ్చింది.

కొత్తకలం

ధన్యోస్మి. ‘ఆలమంద’ అనే మాట మా నాయనమ్మ వాడేది. నాకెందుకు తట్టలేదో!

చిరుగజ్జె

రాండల్‌ను నేనూ పట్టుకున్నాను, ఇంకో వైపునుంచి.

వంశమందు నొకఁడు పగతుఁ, డొకఁడు భర్త
యొక్క నటుఁడె రెండు నొనరఁ దాల్చె
ముఖము చూచి యింతి ముడుచుకొని తలఁచె
చచ్చినట్టివాఁడు చావలేదు

ఫ్రాంక్, అతని వంశపు పూర్వికుడు బ్లాక్ జాక్ ఇద్దరూ ఒక్క పోలికే అని పుస్తకం చెబుతుంది. కాని చదువుతూ చదువుతూ ఆ సంగతి మరిచిపోతాం. తెరమీద టోబయస్ మెంజీస్ రెండు వేషాలూ వేశాడు, మరిచిపోదామన్నా కుదరదు. 1948లో ఫ్రాంక్ ప్రేమగా దగ్గరికి వస్తుంటే క్లేర్‌తోపాటు నేనూ వెనక్కి జరిగాను, సోఫాలో. రెండు పేజీల వర్ణన చేయలేని పని ఒక మొహం చేసింది.

గంటంకొన

వాదన బాగుంది. కాని మొదటి రెండు పాదాలూ ఆగకుండా చదివి చూడండి: ‘భర్తయొక్క నటుఁడె’. భర్తగారికి సొంతంగా ఒక నటుణ్ని పెట్టించారా?

చిరుగజ్జె

అయ్యో! షష్ఠీ విభక్తి ఇలా కాటేస్తుందనుకోలేదు. కామా పెట్టి బతికిపోతాను.

సభాపతి

కామాతో బతికేది పద్యం కాదు, చదివేటప్పుడు గొంతుతో విరవాలి. అయినా ఉంచండి, నవ్వొచ్చింది. పుస్తకం పక్షంవాళ్లు దీనికి జవాబు చెప్పలేరనే నా అనుమానం. రెండు పాత్రలు ఒకే ఒంట్లో కనిపించడం అక్షరానికి చేతకాదు.

తార్కికుడు

నేను చెబుతాను జవాబు. మూడో పుస్తకం ఎలా మొదలవుతుందో ఎవరికైనా గుర్తుందా? కలోడెన్ మైదానంలో పడివున్న జేమీ తాను చచ్చిపోయాననే నిశ్చయంతో ఉంటాడు. తీరా చూస్తే ముక్కు నొప్పి పెడుతోంది. ఈ సమస్య ఆ పుస్తకానికి మొదటి వాక్యం, సభాపతిగారు తెలిసి ఇచ్చారో తెలియక ఇచ్చారో!

ముక్కు నొప్పి యెత్తె మూసిన కన్నుల
శవమె యైనఁ దెలియు సలుపదెట్లు?
తర్కమాడె జేమి తనలోనఁ దానిట్లు
చచ్చినట్టివాఁడు చావలేదు

అఱసున్న

శ–స యతి, ము–మూ, త–త, అన్నీ సరి. ‘తర్కమాడె’ కన్నా ‘తర్కించె’ మేలనుకోండి, పట్టించుకోను. పొగ ఉంది కాబట్టి నిప్పుంది, సలుపు ఉంది కాబట్టి ప్రాణముంది. న్యాయశాస్త్రపు పంచావయవ వాక్యం, అంటే ఐదు మెట్ల వాదన, నాలుగు పాదాల్లో ఇమిడింది.

చిరుగజ్జె

తెరమీద ఆ దృశ్యం ఎంత గొప్పగా తీశారు! మీద బ్లాక్ జాక్ శవం, చుట్టూ మంచు, మూసుకుపోతున్న కళ్లకు క్లేర్ నడిచొస్తున్నట్టు కనిపించడం...

తార్కికుడు

గొప్పగా తీశారు, కాదనను. కాని అందులో ముక్కు ఏదమ్మా? చావు గడపలో పడివుండి, ‘ఇదేమిటి వింతగా ఉందే’ అని ఆశ్చర్యపోయే మనిషి జేమీ. అక్కడ నవ్వొస్తుంది, వెంటనే గొంతు పూడుకుపోతుంది. కెమెరా నెత్తురు చూపించింది. నొప్పి గురించిన ఆలోచనను ఎక్కడ చూపిస్తుంది?

పాతపుట

నా పద్యం వెనక్కి తీసుకుని దీని కింద సంతకం పెడతాను.

సన్నజాజి

ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. నాకు రెండు పక్షాలూ లేవు. మొదటి మూడు పుస్తకాలు చదివాక సీరియల్ చూశాను, మళ్లీ పుస్తకాలకు వచ్చాను.

చదువువేళ మదినిఁ జనియించె నొకరుఁడు
తెరను నటునిఁ జూడఁ దెగెను వాఁడు
పుటలు మరల విప్పఁ బొడసూపె నవ్వుచు
చచ్చినట్టివాఁడు చావలేదు

గంటంకొన

అక్కా, ఇది చదివి కాసేపు ఊరుకున్నాను.

అఱసున్న

నేనూ ఊరుకుందామనుకున్నాను. సభాపతిగారి హెచ్చరిక గుర్తొచ్చింది. ‘నవ్వుచున్’ ద్రుతాంతం, వాక్యం ముగియలేదు, సరళాదేశం తప్పదు. ‘బొడసూపె నదె నవ్వి’ అంటే, ‘నవ్వి’ క్త్వార్థకం, కళ (ద్రుతం లేని మాట), బాధ లేదు.

సన్నజాజి

దిద్దుకున్నాను మాస్టారూ. ‘అదె’ అన్నమాట వచ్చాక వేలితో చూపించినట్టు కూడా అయింది.

అది ఎలా జరిగిందో చెప్పాలి. పుస్తకంలో క్లేర్ కళ్లు తేనెరంగువి. తెరమీద కట్రీనా బాల్ఫ్ కళ్లు నీలాలు. మొదట గిలగిల్లాడాను. నాలుగు భాగాలు గడిచేసరికి నీలమే ఖాయమైపోయింది, పాత క్లేర్ మొహం గుర్తు చేసుకుందామన్నా రాలేదు. తిరిగి పుస్తకం తీసి, జేమీ ఆ కళ్లను విస్కీతో పోల్చిన చోటికి వచ్చాను. నీలం జారిపోయింది. పాతావిడ వచ్చి కూర్చుంది. గేలిక్ మాటల దగ్గర మాత్రం తెరకే నా ఓటు. వాళ్లు గేలిక్‌లో గొడవపడుతుంటే కింద అనువాదం వెయ్యలేదు. క్లేర్‌కు అర్థం కానిది నాకూ అర్థం కాలేదు, ఆమెలాగే మొహాలు చూస్తూ కూర్చున్నాను. పుస్తకంలో ‘నాకు అర్థం కాలేదు’ అని ఆమె చెబితే నమ్మాను, ఇక్కడ అనుభవించాను.

సభాపతి

ఈ వారం తాంబూలం తార్కికుడికీ సన్నజాజిగారికీ చెరిసగం. ఒకరిదే తేల్చమని అడగకండి, తేలలేదు. కొత్తకలం వచ్చేవారం జగణం లేకుండా రావాలి.

నావంతు. మొదటి పుస్తకం మొదట్లోనే ఇన్వర్నెస్‌లో ఒక వాన రాత్రి, కిటికీ దగ్గర తల దువ్వుకుంటున్న క్లేర్‌ను కింద వీధిలోంచి ఒక హైలాండర్ చూస్తూ నిలబడతాడు. ఫ్రాంక్ పలకరించబోతే మాయమవుతాడు. ఆ నీడ జేమీదేనని రచయిత్రి ఆ తరవాత చెప్పారు. పుస్తకంలో క్లేర్ అతణ్ని చూడదు, ఫ్రాంక్ వచ్చి చెబితే వింటుంది, మనమూ అంతే. తెరమీద మనం ఫ్రాంక్ వెనకే నిలబడి చూస్తాం.

కిటికి క్రింద నిలిచి గెలుపెఱుఁగని నీడ
కురులు దువ్వు సతినిఁ గోరి చూచె
రెండు నూర్ల యేండ్ల రేయి కీవలి దరి
చచ్చినట్టివాఁడు చావలేదు

అఱసున్న

కలోడెన్‌నుంచి లెక్కిస్తే నూట తొంభై తొమ్మిది.

సభాపతి

ఆ ఒక్క ఏడూ గణాలకోసం అప్పు తెచ్చుకున్నాను మాస్టారూ.

వచ్చేవారం సమస్య, కంచె ఇదే:

పుట్టని పతి కొఱకు పొలఁతి యేడ్చె