యూకే నర్సు రిజిస్ట్రేషన్: ఓఈటీ స్పీకింగ్‌లో సి ప్లస్, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: ఎన్‌ఎంసీ (యూకేలో నర్సులను రిజిస్టర్ చేసే సంస్థ) కోసం ఓఈటీ (వైద్య రంగం వాళ్ల ఇంగ్లిష్ పరీక్ష) రాస్తే స్పీకింగ్‌లో సి ప్లస్, మిగతా మూడింట్లో (లిజనింగ్, రీడింగ్, రైటింగ్) బి. అంతా మొదటి నుంచేనా? సీబీటీ (నర్సింగ్ పరిజ్ఞానం చూసే కంప్యూటర్ పరీక్ష) సంగతేంటి?

జవాబు 1: టెన్షన్ వద్దండి. 12 నెలల్లోపు రాసిన రెండు పరీక్షల మార్కులు కలుపుకోవచ్చు. నాలుగూ మళ్లీ రాయాలి గానీ ఈసారి స్పీకింగ్‌లో బి తెచ్చుకుంటే చాలు, మిగతావి సి ప్లస్‌కు జారినా పరవాలేదు, రైటింగ్‌కైతే అసలు కావాల్సిందే సి ప్లస్.

జవాబు 2: ఈలోగా సీబీటీకి కూర్చోండి. పార్ట్ ఎ మొత్తం మందుల డోసులాంటి లెక్కలే, యూనిట్లు మార్చడం బాగా చూసుకోండి.

జవాబు 3: అసలు పరీక్ష యూకే వెళ్లాక ఇచ్చే ఓస్కీ (చేసి చూపించే ప్రాక్టికల్ పరీక్ష), పది స్టేషన్లు, అంటే ఒక్కోచోట ఒక్కో పని. రోజూ వార్డులో చేసే పనే, కానీ నోరు మూసుకుని చేస్తే కుదరదు, రిస్ట్‌బ్యాండ్‌తో పేరు, పుట్టిన తేదీ సరిచూస్తున్నానని పైకి చెప్పాలి. ఇప్పట్నుంచే డ్యూటీలో అలవాటు చేసుకోండి, పక్కవాళ్లు నవ్వితే నవ్వనీ.