14 రోజుల కార్‌-టి కల్చర్: సంఖ్య దండిగా వస్తోంది, రెండో రౌండుకే సెల్స్ చేతులెత్తేస్తున్నాయి

పీహెచ్‌డీ_మూడోఏడు:
సీడీ19 కార్‌-టి సెల్స్ చేస్తున్నాం, అంటే లుకేమియా సెల్స్ మీది సీడీ19 ప్రోటీన్‌ను పట్టుకునే కృత్రిమ రిసెప్టర్ (కార్) ఎక్కించిన టి సెల్స్. సీడీ19ను పట్టే భాగం ఎఫ్‌ఎంసీ63 బైండర్, లోపలి సిగ్నల్ భాగాలు 4-1బీబీ, సీడీ3 జీటా, జీన్‌ను మోసేది లెంటివైరస్. ఆరోగ్యవంతులైన దాతల రక్తం నుంచి ఫికాల్‌తో పీబీఎంసీలు (టి సెల్స్ ఉండే తెల్ల రక్తకణాల పొర) తీసి, నెగటివ్ సెలెక్షన్‌తో (మిగతా రకాలను తీసేసి) టి సెల్స్ వేరుచేస్తాం. సెల్‌కు 3 చొప్పున టి సెల్స్‌ను యాక్టివేట్ చేసే సీడీ3/సీడీ28 మాగ్నెటిక్ బీడ్స్, మి.లీ.కు 300 యూనిట్ల ఐఎల్‌-2 (సెల్స్‌ను పెంచే సైటోకైన్). మర్నాడు ఎంఓఐ 5తో (సెల్‌కు 5 వైరస్‌ల చొప్పున) వైరస్. 7వ రోజు బీడ్స్ తీసి, 14వ రోజున ఫ్రీజింగ్. దాదాపు 80 రెట్లు పెరుగుతున్నాయి, కార్ 40 శాతం ఉంటోంది.

నాల్మ్‌-6 (సీడీ19 ఉన్న లుకేమియా సెల్ లైన్) మీద 24 గంటల కిల్లింగ్ బ్రహ్మాండంగా ఉంది. మూడు రోజులకోసారి కొత్త టార్గెట్లు వేస్తే మాత్రం రెండో రౌండుకు సగం, మూడో రౌండుకు సున్నా. 4వ రోజు పీడీ-1 (టి సెల్‌కు బ్రేకు వేసే రిసెప్టర్) 60 శాతం. ఫ్రీజ్ చేసినవి కరిగించి చూస్తే సీడీ62ఎల్ (ఇంకా ముదరని టి సెల్స్‌కు గుర్తు) 10 శాతం లోపే. ఇంకొకటి: సీడీ19 ఎక్కించిన కే562 (ఇంకో లుకేమియా లైన్) సెల్స్‌ను కార్ లేని టి సెల్స్ కూడా 20 శాతం దాకా చంపుతున్నాయి.

ఇది ఎగ్జాషనేనా (ఆగకుండా సిగ్నల్ అంది సెల్స్ అలసిపోవడం)? స్టెమ్ సెల్స్ లాంటి (ఎక్కువకాలం నిలిచి మళ్లీ మళ్లీ పెరగగల) టి సెల్స్ ఎక్కువ మిగలాలంటే ముందు ఏం మార్చాలి?

కల్చర్‌హుడ్:
ముందు మార్చాల్సింది క్యాలెండర్. 14 రోజులు చాలా ఎక్కువండీ. పెన్సిల్వేనియా యూనివర్సిటీ బృందం 2018లోనే చూపించింది: ఎలుకల్లో లుకేమియాను అదుపు చేయడంలో 9వ రోజు తీసిన సెల్స్ కన్నా 3 నుంచి 5 రోజుల్లో తీసినవే మెరుగు. 80 రెట్లంటే ఆరు డబ్లింగులకు పైమాటే. ఒక్కో డబ్లింగుకూ సెల్స్ ఎఫెక్టర్ (వెంటనే చంపి, త్వరగా అయిపోయే) దశ వైపు ఒక మెట్టు దిగుతాయి, ఆ మెట్టు వెనక్కి ఎక్కడం కష్టం.

ఐఎల్‌-2 300 యూనిట్లు, పైగా 3:1 బీడ్స్ అంటే పీఐ3కే–ఏకేటీ సిగ్నల్ దారి రోజుల తరబడి తెరిచే ఉంటుంది. ఏకేటీ ఫాక్సో1 అనే జీన్ నియంత్రణ ప్రోటీన్‌ను ఫాస్ఫోరిలేట్ చేసి న్యూక్లియస్ బయటికి నెట్టేస్తుంది. టీసీఎఫ్‌7, సీసీఆర్‌7, సీడీ62ఎల్, ఐఎల్‌-7 రిసెప్టర్ (ఇవన్నీ స్టెమ్ గుణానికి గుర్తులు) నిలబడాలంటే లోపల ఫాక్సో1 ఉండాల్సిందే. అది బయట ఉన్నంతకాలం మీరు ఏ మార్కరు వెతికినా దొరకదు.

మార్పులు ఇలా చేయండి. బీడ్స్ 1:1. ఐఎల్‌-2 బదులు ఐఎల్‌-7, ఐఎల్‌-15 ఒక్కోటి మి.లీ.కు 5 నుంచి 10 నానోగ్రాములు, రెండు మూడు రోజులకోసారి తాజాగా. సెల్స్ మి.లీ.కు 5 నుంచి 10 లక్షల మధ్య ఉండాలి. పొద్దున ఇంక్యుబేటర్ తెరిచేసరికి మీడియా నారింజ దాటి నిమ్మపండు రంగుకు వచ్చిందంటే లాక్టేట్ పేరుకుపోయినట్టే. అప్పుడు సైటోకైన్ ఎంత పోసినా దండగ, ముందు పలుచన చేయాలి. శుక్రవారం మి.లీ.కు 10 లక్షలు పెట్టి ఇంటికెళ్తే సోమవారం కనిపించేది ఈ రంగే.

బీడ్స్ 4వ రోజునే తీసేయండి. గుత్తులుగా అతుక్కున్న సెల్స్‌ను పిపెట్‌తో బాగా విడదీసి, మాగ్నెట్ మీద రెండు నిమిషాలు ఉంచి, పైద్రవం తీసుకుని, దాన్ని మళ్లీ ఇంకోసారి మాగ్నెట్ మీద పెట్టాలి. విడదీయకుండా పెడితే బీడ్స్‌తోపాటు బాగా యాక్టివేట్ అయిన సెల్స్ కూడా గోడకే ఉండిపోతాయి. కౌంట్ మాగ్నెట్ తర్వాతే.

5వ రోజున తీస్తే సంఖ్య తగ్గుతుంది కాబట్టి మొదలే ఎక్కువ పెట్టుకోవాలి. 8 ఎలుకలకు తలా 10 లక్షల కార్ పాజిటివ్ సెల్స్ అంటే 80 లక్షలు. కార్ 40 శాతమైతే మొత్తం 2 కోట్లు, నష్టానికి ఇంకో 50 లక్షలు వేసుకోండి. 4 రెట్లు పెరుగుతాయనుకున్నా 60 నుంచి 65 లక్షల టి సెల్స్‌తో మొదలుపెట్టాలి. మి.లీ. రక్తానికి 10 లక్షల పీబీఎంసీలు, అందులో సగం టి సెల్స్ అనుకుంటే 13 మి.లీ. చాలు. వేరుచేయడంలో పోయేది కలిపి 20 మి.లీ. తీసుకోండి.

త్వరగా తీయడంలో ఒక చిక్కుంది. వైరస్ పెట్టిన రెండు మూడు రోజుల్లో ఫ్లో సైటోమెట్రీలో కనిపించే కార్ అంతా నిజం కాదు. వైరస్ ప్రెప్‌తోపాటు వచ్చిన కార్ ప్రోటీన్, ఇంకా జీనోమ్‌లో కలవని డీఎన్‌ఏ కూడా సిగ్నల్ ఇస్తాయి. కొన్ని లక్షల సెల్స్ పక్కన పెట్టి 8వ రోజు దాకా పెంచండి. అసలు శాతం, కాపీ నంబరు వాటి నుంచే తీసుకోండి.

గేటింగ్_మాస్టారు:
పై జవాబుతో పేచీ లేదు గానీ, సీడీ62ఎల్ 10 శాతం అన్న అంకెను నేను నమ్మను. యాక్టివేషన్‌లోనూ, ఫ్రీజ్ చేసి కరిగించినప్పుడూ సీడీ62ఎల్ ఉపరితలం నుంచి తెగిపోతుంది, కోసే ఎంజైము అడామ్‌17. కరిగించిన వెంటనే స్టెయిన్ చేస్తే ఉన్నవి కూడా లేనట్టే కనిపిస్తాయి. తాజా సెల్స్‌నే చూడండి. తప్పదంటే రాత్రంతా 37 డిగ్రీల్లో రెస్ట్ ఇచ్చి చూడండి.

సీసీఆర్‌7 ఎలా స్టెయిన్ చేస్తున్నారో రాయలేదు. ఐసు మీద అయితే సిగ్నల్ నీరసంగా వస్తుంది. ఈ రిసెప్టర్ లోపలికీ బయటికీ తిరుగుతూ ఉంటుంది కాబట్టి ముందు దాని యాంటీబాడీ ఒక్కటే 37 డిగ్రీల్లో 15 నుంచి 20 నిమిషాలు పెట్టి, తర్వాత మిగతా ప్యానెల్ వేయండి. గేటు గీతకు ఎఫ్‌ఎంఓ కంట్రోల్ (ఆ ఒక్క యాంటీబాడీ తప్ప మిగతావన్నీ వేసిన ట్యూబు) ఉండాలి.

స్టెమ్ మెమరీ టి సెల్ అని పిలవాలంటే సీడీ45ఆర్‌ఏ, సీసీఆర్‌7, సీడీ62ఎల్‌తోపాటు సీడీ95 కూడా ఉండాలి. మనుషుల్లో ఈ రకాన్ని 2011లో అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వివరించారు. సీడీ95 లేకపోతే అది నైవ్, అంటే ఇంకా యాంటిజెన్ చూడనిది. సీడీ45ఆర్‌ఏ ఉండి సీసీఆర్‌7 లేకపోతే టెమ్రా, అంటే పూర్తిగా వ్యతిరేక కొస. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, కల్చర్‌లో యాక్టివేట్ అయిన ప్రతి సెల్‌కూ సీడీ95 వచ్చేస్తుంది. అందుకే మార్కర్లతో ఆగకుండా ఫాక్స్‌పీ3 ఫిక్స్–పర్మ్ బఫర్‌తో (న్యూక్లియస్ లోపల స్టెయిన్ చేయనిచ్చేది) టీసీఎఫ్‌1 కూడా చూడాలి, అది టీసీఎఫ్‌7 జీన్ ఇచ్చే ప్రోటీన్.

4వ రోజు పీడీ-1 60 శాతం అన్నది కంగారు పడాల్సిన సంగతే కాదు. అప్పుడు అది యాక్టివేషన్ గుర్తు. సైటోకైన్ పోసిన కల్చర్‌లో టిమ్‌-3 (ఇంకో బ్రేకు రిసెప్టర్) కూడా దానంతటదే పైకొస్తుంది. ఎగ్జాషన్ అనాలంటే పీడీ-1, లాగ్‌-3, టిమ్‌-3 ఒకే సెల్ మీద నిలిచి ఉండాలి, టాక్స్ (ఎగ్జాషన్‌ను నడిపే ప్రోటీన్) పెరగాలి, మళ్లీ స్టిమ్యులేట్ చేస్తే ఐఎల్‌-2 రాకుండా ఉండాలి. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది ఎగ్జాషన్ కన్నా టెర్మినల్ డిఫరెన్షియేషన్‌లా (సెల్స్ చివరి దశకు ముదిరిపోవడంలా) ఉంది. మందు వేరు కాబట్టి పేరు ముఖ్యం.

కార్‌ను ప్రోటీన్ ఎల్‌తో చూస్తున్నట్టయితే దాన్ని ముందు వేసి, రెండుసార్లు కడిగాకే యాంటీబాడీలు వేయండి. ప్రోటీన్ ఎల్ యాంటీబాడీల్లోని కప్పా గొలుసును పట్టుకుంటుంది, మీ స్టెయినింగ్ యాంటీబాడీల్లో ఎక్కువ భాగం కప్పావే.

ఎలుకలగది:
కే562కు ఎమ్‌హెచ్‌సీ క్లాస్ 1 దాదాపు లేదు. క్లాస్ 1 లేని సెల్స్‌ను చంపే ఎన్‌కే సెల్స్‌కు అది పెట్టిన విస్తరి. నెగటివ్ సెలెక్షన్‌లో 1 శాతం ఎన్‌కే జారినా, 300 యూనిట్ల ఐఎల్‌-2లో రెండు వారాలకు అవీ పెరుగుతాయి. సీడీ3 లేని సీడీ56 సెల్స్ (అవే ఎన్‌కే) ఎంతున్నాయో చూడండి. సీడీ19 లేని మామూలు కే562 కూడా పక్క వెల్‌లో ఉంటే 20 శాతం దేనిదో తేలుతుంది.

రీచాలెంజ్‌లో (మళ్లీ మళ్లీ కొత్త టార్గెట్లు వేసే పరీక్షలో) ఎక్కువమంది చేసే పొరపాటు లెక్కలో ఉంటుంది. 1 లక్ష టార్గెట్లకు 1:1 అంటే 1 లక్ష కార్ పాజిటివ్ సెల్స్; 40 శాతం బ్యాచ్‌లో మొత్తం 2.5 లక్షలు. ఇంకో బ్యాచ్‌లో కార్ 60 శాతం ఉంటే, అదే దాత కార్ లేని సెల్స్ కలిపి దాన్ని 40కి దించాలి. లేదంటే రెండు వెల్స్‌లో రద్దీ వేరుగా ఉంటుంది, పోలిక పోతుంది. ప్రతి రౌండుకూ ముందు మిగిలిన టి సెల్స్‌ను కౌంటింగ్ బీడ్స్‌తో లెక్కపెట్టండి. "మూడో రౌండుకు సున్నా" అన్నప్పుడు సెల్స్ చంపడం మానేశాయా, సెల్స్ అసలు లేవా అన్నది ఇప్పుడు మీకు తెలియదు. నాల్మ్‌-6లో మిగిలినవి సీడీ19 పోగొట్టుకున్నాయేమో కూడా అదే ట్యూబులో చూడొచ్చు. మైకోప్లాస్మా (కల్చర్‌ను పాడుచేసే బ్యాక్టీరియా) పీసీఆర్ రెండు నెలలుగా చేయకపోతే అదీ చేయండి.

పీహెచ్‌డీ_మూడోఏడు:
సీసీఆర్‌7 ఐసు మీదే చేస్తున్నాం, సీడీ62ఎల్ కరిగించిన గంటలోపు. రెండూ మారుస్తాం. టి సెల్స్‌ను రౌండ్ల మధ్య లెక్కపెట్టలేదు. ఒక సందేహం: కార్ సెల్స్‌కు కొన్ని రోజులు దాసాటినిబ్ (కైనేజ్ సిగ్నళ్లను ఆపే లుకేమియా మందు) ఇచ్చి విశ్రాంతినిస్తే కోలుకుంటాయని చదివాం. మా కార్‌కు అది పనికొస్తుందా?

కల్చర్‌హుడ్:
ఆ పని 2021లో స్టాన్‌ఫోర్డ్ వాళ్లు చూపించారు, కానీ యాంటిజెన్ లేకుండానే తమలో తాము అతుక్కుని సిగ్నల్ ఇచ్చే కార్‌ల విషయంలో. జీడీ2 కార్ అందుకు పేరుమోసింది. ఎఫ్‌ఎంసీ63లో ఆ టోనిక్ సిగ్నలింగ్ తక్కువ. లేని రోగానికి మందు వేసినట్టవుతుంది. మీదాంట్లో ఉందో లేదో చూడాలంటే టార్గెట్లు లేకుండా, బీడ్స్ తీసిన వారం తర్వాత కార్ ఉన్నవీ లేనివీ పక్కపక్కన పెట్టి సెల్ వ్యాసం కొలవండి. యాక్టివేట్ అయినప్పుడు 11–12 మైక్రాన్లకు ఉబ్బిన టి సెల్స్ అప్పటికి 9 దగ్గరికి దిగాలి. కార్ ఉన్నవి మాత్రమే దిగకపోతే అప్పుడు దాసాటినిబ్ 100 నానోమోలార్ ప్రయత్నించండి. యాక్టివేషన్ రోజుల్లో మాత్రం వద్దు, అది టి సెల్ సిగ్నల్‌ను మొదలుపెట్టే ఎల్‌సీకేను ఆపేస్తుంది కాబట్టి బీడ్స్ పనిచేయవు. కిల్లింగ్‌కు ముందు మూడుసార్లు కడగండి.

గేటింగ్_మాస్టారు:
ఒకేసారి అన్నీ మార్చొద్దు. ఒకే దాతతో నాలుగు ఫ్లాస్కులు: పాత సైటోకైన్–5 రోజులు, పాత సైటోకైన్–14 రోజులు, ఐఎల్‌-7/15–5 రోజులు, ఐఎల్‌-7/15–14 రోజులు. బీడ్స్ నాలుగింటికీ 1:1, నాలుగింటికీ 4వ రోజునే తీసేయాలి. మూడు దాతలతో చేయండి, 0వ రోజు ఫీనోటైప్ తప్పనిసరి. మొదట్లోనే నైవ్ సెల్స్ 15 శాతం ఉన్న దాత ఎంత మంచి మీడియాలో పెట్టినా 50 శాతం స్టెమ్ మెమరీ ఇవ్వడు.

ఎలుకలగది:
5 రోజుల, 14 రోజుల సెల్స్‌ను ఒకే రోజు కిల్లింగ్‌కు తేవాలంటే 5 రోజుల జతను 9 రోజులు ఆలస్యంగా మొదలుపెట్టాలి. అందుకని మొదటి రోజే పీబీఎంసీలు అన్నీ ఫ్రీజ్ చేసి, రెండు జతలూ ఫ్రీజ్ చేసిన వయల్ నుంచే తీయండి. ఒకటి తాజా, ఒకటి ఫ్రోజెన్ అయితే మళ్లీ మొదటికొస్తారు.