అమ్మతో ఊటీ: టాయ్ ట్రైనా, కారా?

మదనపల్లి_అబ్బాయి: డిసెంబరులో అమ్మని తీసుకుని ఊటీ వెళ్తున్నాం. ఆమెకు మోకాళ్ల నొప్పులు. కొండ కింద మేట్టుపాళయంలో టాయ్ ట్రైన్ ఎక్కాలా, కారులోనే పోవాలా? దొరల కాలం నాటివి ఏవి చూడొచ్చు? చలికి ఏం సర్దుకోవాలి?

నెల్లూరు_రమ: కారులో పోతే ముందు ఈ-పాస్ (బండికి ఆన్‌లైన్లో ఇచ్చే అనుమతి) తీసుకోండి. 2024 మే నుంచి తప్పనిసరి. మేం తీసుకోకుండా పోయి చెక్‌పోస్టు దగ్గర గంటన్నర ఇరుక్కున్నాం. ఫోన్లో సిగ్నల్ లేదు, వెనక సీట్లో పిల్లాడికి వాంతులు. లీటరు ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కూడా తీసేసుకున్నారు.

పట్టాల_బాబాయి: రైల్వేలో ముప్ఫై ఏళ్లు చేసినవాణ్ణి చెబుతున్నా, కారు మాటే వద్దు. కల్లారు నుంచి కూనూరు దాకా పట్టాల మధ్యలో పళ్ల పట్టీ ఉంటుంది. ఇంజను కింది పళ్ల చక్రం దాన్ని పట్టుకుని పైకి ఎక్కుతుంది. 12 అడుగులు పోతే 1 అడుగు ఎత్తు! ఇంజను ముందు ఉండి లాగదు, వెనక నుంచి తోస్తుంది. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేశారు.

మదనపల్లి_అబ్బాయి: బాబాయ్, దాదాపు అయిదు గంటలు అమ్మ కూర్చోగలదా?

చరిత్ర_పిచ్చి: సెయింట్ స్టీఫెన్స్ చర్చి వదలొద్దు. లోపలికెళ్లి తల ఎత్తి చూడండి. ఆ దూలాలు శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ మహల్‌ని పడగొట్టి తెచ్చినవి. నాకు ఒళ్లు జలదరించింది. ఊటీని కనిపెట్టిన కలెక్టర్ జాన్ సల్లివన్ భార్య, కూతురి సమాధులు కూడా ఆ ఆవరణలోనే ఉన్నాయి.

కొండగాలి: కనిపెట్టడమేంటండీ? 1819లో ఆయన కొండెక్కేటప్పటికే తోడాలనే గిరిజనులు అక్కడ బర్రెలు మేపుకుంటున్నారు. వాళ్ల ఊళ్లో దొర ఇల్లు కట్టుకుంటే కనిపెట్టినట్టా?

చరిత్ర_పిచ్చి: మాటవరసకు అన్నదానికి ఇంత కోపమా? ఆ భూమి తోడాలదేనని పైవాళ్లతో వాదించింది కూడా సల్లివనే. చదివి మాట్లాడండి.

కొండగాలి: చదివే మాట్లాడుతున్నా. వాదించాడు సరే, భూమి వాళ్లకు దక్కిందా? బొటానికల్ గార్డెన్ పైన తోడాల పల్లె ఉంది, దాన్ని ‘మందు’ అంటారు, వెళ్లి చూడండి. సగం పీపా బోర్లించినట్టుండే గుడిసె, పాక్కుంటూ పోయేంత చిన్న వాకిలి. గార్డెన్‌కి వచ్చే జనంలో ఎంతమంది అక్కడిదాకా ఎక్కుతున్నారు?

కడప_రెడ్డి: మదనపల్లి వాళ్లకు ఊటీ ఎందుకు తమ్ముడూ? హార్స్‌లీ హిల్స్ పక్కనే ఉంది కదా. అది కూడా కలెక్టర్ దొర పేరు మీదిదే. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ.

పట్టాల_బాబాయి: అక్కడ రైలుందా?

నెల్లూరు_రమ: పెద్దావిడ గురించి ఒక్కరూ చెప్పరేం? బాబూ, కారులో కూనూరు వెళ్లి, అక్కడ రైలెక్కించు. గంట, గంటంపావులో ఊటీ. కూనూరు టికెట్ విడిగా బుక్ చేసుకో. పొద్దున్నే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. అమ్మకు ఉన్ని సాక్సులు రెండు జతలు పెట్టు.